సీలు వేయాల్సిన ఇల్లు

మరిది లక్కా, తాళంకప్పా పట్టుకుని వచ్చేసరికి వదిన అప్పటికే ఆ ఇంటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

ఊళ్ళో అందరికీ ఆమె డిటెక్టివమ్మ. ఇన్సూరెన్సు కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసింది. కాలిపోయిన గోడౌన్లూ కూలిపోయిన ఇళ్ళూ చూసి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చడమే ఆమె ఉద్యోగం. అది మానేశాక సొంతంగా చిన్న ఆఫీసు తెరుచుకుంది. మరిది నగర పాలక సంస్థలో విజిలెన్స్ ఆఫీసరు. ఆమె వాళ్ళింటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి ఎక్కాలు కూడా సరిగా రావు. జ్వరమొస్తే ఆమె ఒళ్ళోనే పడుకునేవాడు. ఒకే కేసులో ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో నిలబడటం ఇది మొదటిసారేం కాదు. వెనకటి కేసుల్లో ఎవరు గెలిచారన్నది ఇంట్లో ఇప్పటికీ తేలని తగువే.

"లే వదినా. డ్యూటీలో ఉన్నాను."

"నేనూ డ్యూటీలోనే ఉన్నాను. టీ తాగావా?"

తాగలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆమె ఫ్లాస్కులోంచి పోసిచ్చింది. అతను లక్క కింద పెట్టి, రెండు చేతులా గ్లాసు అందుకున్నాడు. ఇస్త్రీ మడత చెదరకుండా మెట్టు మీద జాగ్రత్తగా కూర్చుని, తాగుతూనే తన వాదన వినిపించాడు.

ఊళ్ళో తక్కువ అద్దె ఇళ్ళు పిడికెడు, వాటికోసం ఎదురుచూసే కుటుంబాలు బండెడు. ఏ ఇల్లు ఎవరికివ్వాలో, సామాజిక నిధిలోంచి ఏ పేటకి ఏం కట్టించాలో పరిశీలించి సిఫార్సు చెయ్యడానికి నగర సలహా మండలి అని ఒకటుంది. జీతం లేని పని, తిట్లు మాత్రం పుష్కలం. దాని అధ్యక్షురాలు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. అందరూ నర్సమ్మగారనే పిలుస్తారు. ఈ మూడంతస్తుల బ్లాకులో, కింది అంతస్తు కొసన ఉన్న ఈ ఇంటిని మండలి రెండేళ్ళ కిందట ఒక రిటైరైన అంబులెన్సు డ్రైవరుకి ఇప్పించింది. ఆయన పనిచేసింది కూడా నర్సమ్మగారి ఆసుపత్రిలోనే. ఇప్పుడెవరో విజిలెన్స్‌కి ఫోన్ చేసి, ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదనీ, నర్సమ్మగారు తన మనిషికి ఇల్లు కట్టబెట్టి తాళం వేయించి ఉంచారనీ చెప్పారు. మరిది వారం పాటు రాత్రిళ్ళు ఎదురుగా జీపులో కూర్చుని కాపలా కాశాడు. ఒక్క రాత్రి కూడా లోపల దీపం వెలగలేదు.

"సాయంత్రం నాలుగింటికి మండలి ఈ ఆవరణలోనే కూర్చుంటోంది. బ్లాకు మీద ఇంకో రెండంతస్తులు వెయ్యడానికి నిధులివ్వాలా వద్దా అన్నది ఇవాళ తేలుస్తారు. ఆలోపు సీలు పడాలి. నిప్పు లేనిదే పొగ రాదు వదినా."

"పొయ్యి వెలిగించినా పొగ వస్తుంది. ఇల్లంతా కాలాలనేముంది?"

నర్సమ్మగారు నిన్న తన ఆఫీసుకి వచ్చి చెప్పిన మాటలు ఆమె అతనికి చెప్పింది. డ్రైవరు దరఖాస్తు మండలి ముందుకి వచ్చినప్పుడు నర్సమ్మగారు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయారట. తెలిసినవాడు కాబట్టి నోరు విప్పనని, మీరే తేల్చుకోండని చెప్పి వరండాలో నిలబడ్డారట. మిగతా సభ్యులే నిర్ణయించారు. మరిది అంతా విని, అది నిజమే అయి ఉండొచ్చుగానీ ఇల్లు ఖాళీగా ఉండటం కూడా నిజమే కదా అన్నాడు. ఆ మాట కాదనలేక ఆమె కుర్చీ పక్కకి జరిపి, డ్రైవరుగారిని పిలిపించమంది.

డ్రైవరు తాతయ్య తాళంచెవితో వచ్చాడు. మనిషి పొడుగ్గా, కాస్త వంగి, ఎవరికైనా దారి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టు నడుస్తాడు. జీవితమంతా సైరన్ మోగిస్తూ తిరిగిన మనిషికి ఇప్పుడు గొంతు పెగలడం లేదు. రోజూ ఇక్కడే పడుకుంటున్నానన్నాడు. ఎనిమిదయ్యేసరికి నిద్ర ముంచుకొస్తుందనీ, అందుకే దీపం వెయ్యననీ అన్నాడు. చెబుతున్నంతసేపూ నేల వంకే చూశాడు.

డిటెక్టివమ్మ కసిరితే మాట మరీ లోపలికి పోతుందని గ్రహించి, నిద్ర గురించే మాట్లాడింది. ఈ వయసులో తనకీ నిద్ర సరిగా పట్టడం లేదని, కాస్త వెలుతురు పడినా మెలకువ వచ్చేస్తుందని చెప్పింది. ఈ గదిలో ఆ బాధ ఉండదు కదా అని అడిగింది.

"ఉండదమ్మా. కటిక చీకటి. హాయిగా పడుతుంది నిద్ర."

మరిది గ్లాసు మెట్టు మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు. వీధిదీపం స్తంభం సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంది. వారం రోజులూ అతను ఆ వెలుతురులోనే ఈ ఇంటిని కనిపెట్టుకుని కూర్చున్నాడు. ఆ గదిలో ఒక్క రాత్రి పడుకున్నవాడెవడూ కటిక చీకటి అనడు.

"వదినా, నువ్వే నా కేసు తేల్చేస్తున్నావు" అన్నాడు, జాలిగా.

ఆమె డ్రైవరు చొక్కా వంక చూస్తోంది. పాత చొక్కానే. కాలరు తిరగేసి కుట్టారు. గుండీల అడుగున దారం చుట్టి ముడివేసిన తీరు, జేబు మూల చిరగకుండా వేసిన చిన్న కుట్టు... చేతి పని తెలిసినవాళ్ళు ఎంతో ఓపిగ్గా, ఇష్టంగా చేసిన పని అది. ఒంటరి మనిషి చొక్కా అలా ఉండదు. తలుపు తీయమంది.

ముందు గదిలో నవారు మంచం. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము. ఇక్కడిదాకా మరిది చెప్పినట్టే ఉంది. లోపలి గదిలోకి అడుగుపెట్టాక మాత్రం ఆమె ఆగిపోయింది. గోడకి వరుసగా కొక్కేలున్నాయి, అన్నీ ఆమె నడుము కంటే కిందే. మూల చాపలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. బకెట్టు బోర్లించి దాని మీద చిన్న మగ్గు, పక్కన పీట. మూడు గోడల మీదా రంగు సుద్దల గీతలు. సూర్యుళ్ళూ, చక్రాలూ, తోకలున్నవేవో జంతువులూ ఉన్నాయి. ఆ బొమ్మలన్నీ ఒక ఎత్తు వరకూ వచ్చి అక్కడ ఆగిపోయాయి.

"అబ్బాయ్, వారం రోజులు రాత్రిపూట కాపలా కాశావు. ఒక్క పగలైనా వచ్చి చూశావా?"

అతను జవాబు చెప్పేలోగా వరండాకి అవతల, ఎదురింటి తలుపు వెనక నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. చిన్న వెక్కిళ్ళు. ఎవరో చేత్తో నోరు మూసినట్టు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. డిటెక్టివమ్మ వెళ్ళి తలుపు నెమ్మదిగా తోసింది. కుట్టుమిషన్ల మధ్య నేల మీద ఓ పదిమంది చిన్నపిల్లలు గుంపుగా కూర్చుని, అందరూ మూతి మీద వేలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ వెనక ఆ ఇంటి టైలరమ్మ కూడా, తెల్ల జుట్టు ముడి వేసుకుని, అచ్చం అలాగే వేలు పెట్టుకుని కూర్చుంది. వెక్కిళ్ళ పిల్ల ఆమె ఒళ్ళో ఉంది.

మరిదికి నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి దగ్గాడు.

అప్పుడిక టైలరమ్మే అంతా చెప్పుకొచ్చింది. ఈ బ్లాకులో ఆడవాళ్ళు చాలామంది పొద్దున్నే పనులకి పోతారు. పిల్లల్ని చూసుకునే కేంద్రం పెట్టడానికి సామాజిక నిధిలోంచి సాయం చెయ్యమని రెండుసార్లు మండలిని అడిగారు. ఖాళీ ఇల్లు లేనిదే కేంద్రం ఎక్కడ పెడతారని రెండుసార్లూ పక్కన పెట్టేశారు. ఆ మాట అన్నది నర్సమ్మగారే. ఈలోగా పిల్లలు ఆమె మిషన్ల చుట్టూ చేరడం మొదలుపెట్టారు. సూదులూ కత్తెర్లూ ఉన్నచోట పసివాళ్ళేమిటని ఎదురింటి డ్రైవరుగారు తన లోపలి గది తెరిచిచ్చాడు. పిల్లల్ని ఆడించే వంకతో ఈయన, పాలు కాచిచ్చే వంకతో ఆమె. ఆరునెలల కిందట ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు.

అది చెప్పేటప్పుడు ఆమె మిషను చక్రాన్ని ఊరికే తిప్పుతూ ఉంది. డ్రైవరు తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"మాకు ఒక ఇల్లు చాలు బాబూ. రెండోది తిరిగి ఇచ్చేద్దామనే ఉంది" అన్నాడు. "ఇచ్చేస్తే ఈ పిల్లలెక్కడికి పోతారని నోరు మూసుకున్నాం."

మరిది వదినను వరండాలోకి తీసుకెళ్ళాడు. పక్షపాతం లేదని ఒప్పుకుంటున్నానన్నాడు. నర్సమ్మగారి తప్పు లేదని తనే మండలి ముందు నిలబడి చెబుతానన్నాడు. కానీ సీలు మాత్రం పడుతుందన్నాడు.

"ఇద్దరూ ఒక సంసారమయ్యాక రెండో ఇల్లు వాళ్ళది కాదు. దానికోసం ఏళ్ళతరబడి ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు పిల్లలు కారా వదినా? మంచివాళ్ళు తప్పు చేస్తే తప్పు కాకుండా పోతుందా?"

ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఈ పట్టుదల తను పెంచిందే. చిన్నప్పుడు పక్కింటి జామచెట్టు కాయ ఒకటి కోసుకొస్తే వెనక్కి ఇచ్చి రమ్మని పంపింది తనే. ఇప్పుడు అదే న్యాయం తన ముందుకొచ్చి నిలబడితే కాదనడం ఎలా? అందుకని వాదన మార్చింది. ఆ ఫోన్ చేసిందెవరని అడిగింది. ఈ బ్లాకులో ఏ తల్లీ ఆ పని చెయ్యదు. పగటిపూట పిల్లలున్నారని తెలిసినవాళ్ళు ఇల్లు ఖాళీ అనరు.

పేరు చెప్పలేదన్నాడు మరిది. ఆడమనిషి, చిన్నవయసు గొంతు. పలుమార్లు చేసింది. చివరిసారి ఏడ్చినట్టు అనిపించింది.

"నర్సమ్మగారిని ఏం చేస్తారని అడిగిందా?"

అతను ఆలోచించాడు. "లేదు. ఆ ఊసే లేదు. ఎప్పుడు సీలు వేస్తారు, ఎప్పుడు ఖాళీ చేయిస్తారు అనే అడిగింది, ప్రతిసారీ."

డిటెక్టివమ్మ గుమ్మం వైపు తిరిగింది. ఫిర్యాదు చేసేవాళ్ళకి ఎవరి మీదో కసి ఉంటుంది. ఈ పిల్లకి మనుషుల మీద కసి లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు, అంతే. పొద్దుటినుంచీ ఇంట్లోని మనుషుల గుట్టు వెతుకుతూ ఇంటిని చూడటం మర్చిపోయామనిపించింది ఆమెకి.

మళ్ళీ లోపలి గదిలోకి వెళ్ళింది. మూడు గోడల మీదా పిల్లల బొమ్మలున్నాయి. నాలుగో గోడ, తలుపున్న గోడ, బోడిగా ఉంది. కొత్త రంగు. అద్దె ఇంట్లో నాలుగు గోడలకీ వేస్తారు, లేకపోతే దేనికీ వెయ్యరు. ఒక్క గోడకి ఎవరు వేయించారని అడిగితే డ్రైవరు తాతయ్య కాంట్రాక్టరుగారి మంచితనం గురించి చెప్పాడు. ఈ బ్లాకు కట్టించింది ఆయనే. మండలిలో సభ్యుడు కూడా. లోపలి గది తలుపు పట్టేస్తోందని చెబితే, పాపం, దమ్మిడీ తీసుకోకుండా మనుషుల్ని పంపి ఆ గోడకి రంగు కూడా వేయించాడు.

"తలుపు ఇప్పుడు బాగుందా?"

"చిత్రిక పట్టించానమ్మా. మళ్ళీ పట్టేసింది. ఇంకోసారి పట్టించాను. మొన్న మళ్ళీ పట్టేస్తోంది."

ఆమె తలుపు పైఅంచు వేలితో తడిమి చూసింది. ఒక పక్క సగం వేలు మందాన చెక్క పోయింది. వానకి ఉబ్బిన తలుపుని ఒకసారి చెక్కితే సరిపోతుంది. చెక్కిన కొద్దీ పట్టేస్తుంటే తప్పు తలుపుది కాదు. పైనున్న బరువు కిందికి దిగుతోంది. పాత ఉద్యోగంలో ఇలాంటి తలుపుల్ని ఆమె చాలానే చూసింది, కాకపోతే ఎప్పుడూ శిథిలాల్లో.

డ్రైవరు చేతిలోని తాళంచెవి తీసుకుని కొత్త రంగు మీద గీకింది. పుట్టీ పెచ్చులుగా రాలింది. ద్వారబంధం మూల నుంచి పిల్లరు వైపు ఏటవాలుగా బీట, చిటికెనవేలు దూరేంత. ఇంకాస్త గీకితే ఏదో తళుక్కుమంది. బీటకి అడ్డంగా అతికించిన సన్నటి గాజు పలక. మధ్యకి విరిగి ఉంది.

మరిది వంగి చూశాడు. ఇదేమిటని అడిగాడు.

గోడలో బీట పాతదో, ఇంకా కదులుతోందో తెలుసుకోవడానికి ఇంజనీర్లు ఇలా గాజు అతికిస్తారని ఆమె చెప్పింది. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలితే పగులుతుంది. "ఇక్కడ ఇద్దరి చేతులున్నాయి అబ్బాయ్. ఒకరు నిజం తెలుసుకోవాలని గాజు పెట్టారు. ఇంకొకరు దాని మీద రంగు వేశారు."

గాజు పెట్టినవాళ్ళెవరో డ్రైవరు తాతయ్యకి తెలుసు. కాంట్రాక్టరుగారి కూతురు. తండ్రి పనులన్నీ ఆ ఇంజనీరమ్మే చూసుకుంటుంది. ఓ ఆదివారం తలుపు చూడటానికి వచ్చి, గోడ ముందు చాలాసేపు కూర్చుంది. బీట సంగతి అడిగితే చిన్నదే, నాన్నతో చెప్పి బాగుచేయిస్తానంది. ఇంకో ఆదివారం వచ్చినప్పుడు మాత్రం ఆమె మొహం పాలిపోయి ఉంది. మంచినీళ్ళిచ్చినా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాతే రంగు మనుషులు వచ్చారు.

డిటెక్టివమ్మ మరిదిని కాంట్రాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి ఇంజనీరమ్మని పిలవమంది. అతను చేశాడు. అవతల "హలో" అన్న ఒక్క మాటకే అతని కనుబొమలు పైకి లేచాయి. తను విజిలెన్స్ ఆఫీసరునని చెప్పాడు. వెంటనే అవతలి గొంతు అడిగింది.

"సీలు వేశారా సార్?"

వదిన ఫోన్ అందుకుంది. "నేను ఆయన వదినని తల్లీ. ఇంకా వెయ్యలేదు. నువ్వొచ్చిన ఆదివారాల్లో నీకు కనబడలేదుగానీ, పగలంతా ఈ గదిలో పదిమంది పిల్లలుంటున్నారు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"గాజు పూర్తిగా పగిలిందా?"

"పగిలింది."

"అందర్నీ బయటికి పంపెయ్యండి. ఆ ఇల్లొక్కటే కాదు, మొత్తం బ్లాకు. నేను వస్తున్నాను." ఆగి, గొంతు తగ్గించి మళ్ళీ అంది. "నర్సమ్మగారి మీద నింద వేశాను. నాన్న పేరు బయటికి రాకుండా ఆ గది ఖాళీ అవ్వాలంటే నాకు ఇంకో దారి కనబడలేదు."

ఫోన్ పెట్టేశాక మరిది లక్క వైపు చూశాడు, తాళంకప్ప వైపు చూశాడు. బ్లాకు ఖాళీ చేయించడానికి తనకి అధికారం లేదన్నాడు. నిపుణుల నివేదిక కావాలి, దాని మీద పైవాళ్ళ ఉత్తర్వు కావాలి. ఎదురింట్లో వెక్కిళ్ళ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. అతను తాళంకప్ప జేబులో పడేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయాడు.

అందరూ తేలిగ్గా ఏం రాలేదు. ఇల్లు దొరకడానికి ఎన్నేళ్ళు పట్టిందో వాళ్ళకి తెలుసు. గుమ్మం దాటితే మళ్ళీ రానివ్వరేమోనని తలుపులు గడియ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మరిది ఒక్కొక్క తలుపూ తట్టి, నా ఉద్యోగం పూచీ అన్నాడు. టైలరమ్మ పిల్లల్ని ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకునేలా రైలు కట్టి వీధి అవతలికి నడిపించింది. పైఅంతస్తులో మంచం మీదున్న ముసలమ్మ కుర్చీలో దిగనని మొండికేస్తే, మరిది ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని దించాడు. ఆమె దారి పొడవునా అతన్ని తిడుతూనే, మెడ మాత్రం గట్టిగా పట్టుకుంది. వీధిలోకి వచ్చేసరికి అతని ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. డిటెక్టివమ్మ చెంగుతో అతని మొహం తుడవబోయి, నలుగురిలో ఉన్నాడని ఊరుకుంది.

నాలుగవుతుండగా మండలి సభ్యులు వచ్చారు. ఆవరణలో వేసిన కుర్చీలన్నీ వీధి అవతలికి చేరి ఉండటం చూసి నర్సమ్మగారు ఆశ్చర్యపోయారు. డిటెక్టివమ్మ ఆవిడకి ఉన్నదున్నట్టు చెబుతుండగానే కాంట్రాక్టరు కారు దిగాడు. మనిషి భారీగా, నవ్వుమొహంతో, కనబడ్డవాళ్ళనల్లా వరసలు పెట్టి పిలుస్తూ వచ్చాడు. విషయం విని ఏమాత్రం తొణకలేదు. మనిషికి ముడతలు, ఇంటికి బీటలు సహజమన్నాడు. అసలు మాట తర్వాత వదిలాడు, వీధిలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి.

"అక్కా, ఆలోచించుకోండి. బ్లాకు బాగాలేదని మీరే అంటే రేపు పైన రెండంతస్తులూ రావు. ఉన్న ఇళ్ళూ పోతాయి. ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటారు మీరంతా?"

జనం గుసగుసలాడుకున్నారు. మూటలు దింపినవాళ్ళు మళ్ళీ భుజాన వేసుకున్నారు. ఒక కుటుంబం అప్పుడే గేటు వైపు నడవడం మొదలుపెట్టింది. మరిది అడ్డం నిలబడితే, నీ దగ్గర ఉత్తర్వు ఏదయ్యా అని కాంట్రాక్టరు మెల్లగా అడిగాడు. అది లేదు. మరిది తన వైపు తిరగడం డిటెక్టివమ్మ చూసింది. అతని ఉద్యోగమూ, ఈ మనుషుల ప్రాణాలూ ఒకే మాట మీద వేలాడుతున్నాయి. ఆ మాట తన దగ్గర కూడా లేదు.

అప్పుడు వచ్చింది ఇంజనీరమ్మ, స్కూటరు మీద. ఎవరితోనూ మాట్లాడలేదు. తండ్రి పేరు పెట్టి పిలుస్తున్నా ఆగకుండా గేటు దాటి, ఆవరణ దాటి, కొసనున్న ఇంట్లోకి వెళ్ళింది. తెరిచి ఉన్న తలుపుల్లోంచి వీధిలోకి అంతా కనబడుతూనే ఉంది. లోపలి గది గుమ్మంలో చాప ఒకటి పరుచుకుని, బీటపడ్డ ద్వారబంధానికి వీపు ఆనించి కూర్చుంది.

"నాన్నా, బాగుందన్నావుగా. మీటింగు అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

కాంట్రాక్టరు నవ్వాడు. చిన్నప్పటినుంచీ మొండిఘటమని పక్కవాళ్ళతో అన్నాడు. మీటింగు మొదలుపెట్టండమ్మా అన్నాడు నర్సమ్మగారితో. నర్సమ్మగారు కూర్చోలేదు, ఎవరూ కూర్చోలేదు. అందరూ ఆ చాప వైపే చూస్తున్నారు. డిటెక్టివమ్మ మాత్రం తండ్రిని చూస్తోంది. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం కూతురి తల మీదుగా తలుపు పైనున్న దూలం వైపు పోతున్నాయి, వస్తున్నాయి. లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. పెచ్చు రాలిందో, తలుపు కదిలిందో.

"బయటికి రా అమ్మా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "ఎందుకు నాన్నా?"

"రా తల్లీ." ఈసారి ఆయన గేటు దాటాడు, గబగబా. ఆవరణ మధ్యకి వచ్చేసరికి గొంతు ఊరంతా వినబడేలా పగిలింది. "అది నిలబడదు. నాకు తెలుసు. రా."

గేటు వైపు నడిచిన కుటుంబం ఆగిపోయింది. మూటలు మళ్ళీ నేల మీదికి దిగాయి. ఇంజనీరమ్మ లేచి బయటికి వచ్చింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాడు, రోడ్డు దాటించే పసిపిల్లని లాక్కొచ్చినట్టు. వచ్చాక కూడా చెయ్యి వదల్లేదు. మరిది ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతను మర్యాదగానే నిలబడ్డాడు, కానీ ఇక కదలనిచ్చేలా లేడు.

డిటెక్టివమ్మ ఇంజనీరమ్మని దగ్గరికి తీసుకుంది. ఆ పిల్ల అక్కడినుంచే తండ్రి వైపు తిరిగి అడిగింది.

"ఇంకెక్కడ ఇలా చేశావు నాన్నా?"

ఆయన కూతురి చేతి వంకే చూస్తూ చెప్పాడు. "కాలవ అవతల కొత్త బ్లాకు. అక్కడ పిల్లర్లలో ఇనుము ఇంకా తగ్గించాను."

అది ఐదంతస్తుల బ్లాకు. నర్సమ్మగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"నిన్న పొద్దున్నే అక్కడ అన్ని ఇళ్ళకీ తాళాలు ఇచ్చాం" అన్నారు. "సామాను ఎక్కించుకుంటున్నారు ఇవాళ. బీరువాలూ, నీళ్ళ డ్రమ్ములూ, జనం... అందరూ లోపలే ఉంటారు."

మరిది కాంట్రాక్టరుని ఇద్దరు సభ్యులకి అప్పగించి జీపు వైపు పరుగెత్తాడు. వదిన ముందు సీట్లోకి ఎక్కింది. ఇంజిను మోగుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. నర్సమ్మగారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని లోపలికి ఎక్కుతున్నారు. ఆవిడ వెనకే డ్రైవరు తాతయ్య వచ్చి, మరిదిని పక్కకి జరగమన్నాడు.

"కాలవ వంతెన మీద ఈ వేళప్పుడు బళ్ళు ఇరుక్కుపోతాయి బాబూ. నేను నడుపుతాను."

మరిది ఒక్క క్షణం వదిన వైపు చూసి, సీటు ఖాళీ చేశాడు.